పటానికి వీపు పెట్టి కూర్చున్న పిల్ల

ఇందులో ఎవరి పేరూ రాయను. మర్చిపోయి కాదు. డెబ్భైకి దగ్గర పడుతున్నా మతిమరుపు ఇంకా నా గుమ్మం తొక్కలేదు. పలకకూడని చోట ఒక పేరు పలికి, ఒక పిల్ల నోటికాడి కూడు పడగొట్టబోయినదాన్ని. అప్పటినుంచి పేర్లంటే నాకు కాస్త భయం.

నేను మత్తు డాక్టర్‌ని. ముప్పై ఏళ్లకు పైగా ఈ పరాయి దేశపు ఆసుపత్రుల్లో జనాన్ని నిద్రపుచ్చి, మళ్లీ లేపి, రిటైరయ్యాను. ఫ్రిస్కోలో అయిదు పడగ్గదుల ఇల్లు. మావారు పోయి మూడేళ్లయింది. శాన్ రామన్‌లో ఉన్న మా అమ్మాయి వారం వారం ఫోన్ చేసి, "అమ్మా, ఒక కుక్కని పెంచుకో" అంటుంది. నాకు మాటకి మాట చెప్పే ప్రాణి కావాలి గానీ తోకాడించే ప్రాణి ఎందుకు? అలాంటి సమయంలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది. దగ్గరలోని మహిళల సాకర్ క్లబ్బుకి హోస్ట్ ఫ్యామిలీలు కావాలట.

చిన్న లీగ్ అది. కొత్త పిల్లలకిచ్చే జీతం అపార్ట్‌మెంట్ అద్దెకి కూడా చాలదు. అందుకని వాళ్లని ఊళ్లో ఇళ్లల్లో ఉంచుతారు. ఒక గది, ఒక బాత్రూమ్, ఫ్రిజ్‌లో ఒక అర ఇస్తే చాలు. "ఫ్యామిలీ అంటున్నారు, నేనొక్కదాన్నే ఉంటాను, పర్వాలేదా?" అని అడిగితే, పర్వాలేదన్నారు.

అలా వచ్చింది మా ఇంటికి, పంతొమ్మిదేళ్ల పిల్ల. ఆస్ట్రేలియా ఆదివాసుల అమ్మాయి. అబోరిజినల్ అని ఇంగ్లీషులో అంటారు కదా, వాళ్లు. సముద్రానికి చాలా దూరంగా, లోపలెక్కడో, ఒకే ఒక పెట్రోల్ బంకున్న ఊరు. పెంచింది అమ్మమ్మ. క్లబ్బు ఇచ్చింది ఒక్క సీజన్ కాంట్రాక్టు. అందులో బాగా ఆడితే తర్వాత రెండేళ్లకి రాసిస్తారు. ఆడకపోతే విమానం ఎక్కిస్తారు. బయటి దేశంలో డబ్బిచ్చి ఆడించుకునే స్థాయికి వాళ్ల ఊరి నుంచి వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే. రెండు సూట్‌కేసులు, చంకలో ఒక బంతి. నన్ను చూడగానే "ఆంటీ" అంది. వాళ్లలోనూ పెద్దవాళ్లని అలాగే పిలుస్తారట. ఇహనేం, సగం పని అయిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం భోజనానికి మంచి కుర్చీ చూపించాను. ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా గోడ మీద మావారి పటం కనిపిస్తుంది. గంధపు చెక్కల దండ, పటం కింద చిన్న ఎర్ర బల్బు. ఎవరొచ్చినా ఆ కుర్చీయే ఇస్తాను, ఆయన్ని చూడాలని. పిల్ల పటం వైపు చూసి, "ఎవరు ఆంటీ?" అంది.

"మావారు. మూడేళ్ల కింద పోయారు."

చటుక్కున తల దించుకుంది. ప్లేటు చేత్తో పట్టుకుని లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సరిగ్గా పటానికి వీపు పెట్టి కూర్చుంది. పప్పన్నం కలుపుకుని తినేసింది. మర్నాడూ అదే కుర్చీ, ఆ మర్నాడూ అదే.

నాకు చివుక్కుమంది. ఎవరింట్లో ఉంటూ ఎవరికి వీపు చూపిస్తోంది? మా వీధి చివర ఉండే స్నేహితురాలికి ఫోన్ చేసి వెళ్లగక్కాను. ఆవిడది వరంగల్. నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది.

"చిన్న పిల్ల గదక్కా, భయమైందేమో. గా ఎర్ర బల్బు తీసెయ్" అంది.

బల్బు తియ్యలేదు. పిల్లని కారణమూ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇంత వయసొచ్చి, ఎదురుగా ఉన్న మనిషిని ఒక్క మాట అడగడానికి నాకేం అడ్డమొచ్చిందో ఇప్పటికీ తెలీదు. బహుశా కోపంగా ఉండటం నాకు సుఖంగా ఉండి ఉంటుంది.

అయినా పిల్ల నచ్చింది. నచ్చకుండా ఎలా ఉంటుంది? పొద్దున్నే ఆరింటికి వంటింట్లో నిలబడి అమ్మమ్మతో వీడియో కాల్ చేసేది. అక్కడ అప్పటికి రాత్రి తొమ్మిది. ఆవిడ తెల్లటి జుట్టు, పెద్ద నవ్వు, పైన రెండు పళ్లు లేవు. ఒకరోజు నన్ను ఫోన్ దగ్గరికి పిలిపించుకుని, "నా పిల్లకి బాగా పెడుతున్నావా?" అని గద్దించింది. నన్నలా గద్దించి ఎన్నేళ్లయిందో! పెసరట్టు వేస్తున్న పెనం ఎత్తి చూపించాను. పిల్ల తిన్న ప్రతిదీ క్లబ్బు వాళ్ల యాప్‌లో నమోదు చెయ్యాలి. అందులో పెసరట్టు లేదు. "గ్రీన్ పాన్‌కేక్" అని రాసుకుంది పాపం. క్లబ్బు డైటీషియన్ అదేమిటో అర్థంకాక నాకు ఫోన్ చేసింది.

వానపడ్డ రోజు ప్రాక్టీసు నుంచి వస్తే బూట్లకి శేరు మట్టి. ఈ ఫ్రిస్కో నేల అచ్చం మా గుంటూరు వైపు పత్తి పండే నల్లరేగడే. తడిస్తే పట్టుకుంటుంది, ఎండితే నోరు తెరుస్తుంది. ఎండాకాలం ఇంటి పునాది బీటలివ్వకుండా చుట్టూ నీళ్ల గొట్టం పెట్టి తడుపుతాం. ఆ మాట విని పిల్ల ఎంత నవ్విందో. "ఇంటికి నీళ్లు పోస్తారా ఆంటీ? మొలుస్తుందా?" అని.

రెండో నెలలో ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. కోచ్ రాసిన రిపోర్టు. ఆట బాగుంది, వేగం బాగుంది. కానీ చెప్తున్నప్పుడు కళ్లలోకి చూడదు, ప్రశ్నలడగదు, ఆత్మవిశ్వాసం తక్కువ, బాడీ లాంగ్వేజ్ మారాలి. చదివి నేను నవ్వాను. పిల్ల మొహం చిన్నబోయింది. "నిన్ను చూసి కాదే" అని నా కథ చెప్పాను. నేను ఈ దేశంలో ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మా పెద్ద డాక్టరు అచ్చం అవే మాటలు రాశాడు. పెద్దవాళ్లు మందలిస్తుంటే వాళ్ల కళ్లలోకి చూస్తే మా ఇంట్లో "ఏంటే ఆ ఎదురు చూపు?" అని రెండు తగిలేవి. అలా పెరిగినదాన్ని నేల చూపులు చూడక ఏం చేస్తాను? పిల్ల కాగితం మడిచి, "మా ఊళ్లో కూడా అంతే" అంది.

ఆమెకి ఒక పెద్ద దిక్కు ఉంది. ఆవిడా ఆదివాసీయే, ఒకప్పుడు తనూ ఈ ఆటే ఆడింది. తమ పిల్లలు ఇలా బయటికి ఆడటానికి వెళ్తే వాళ్లకి తోడు నిలబడటం ఇప్పుడు ఆవిడ ఉద్యోగం. ఆస్ట్రేలియా నుంచే ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. రిపోర్టు సంగతి నేనే ఆవిడ చెవిన వేశాను. ఆవిడ కోచ్‌తో మాట్లాడింది. పిల్ల విన్నదో లేదో కళ్లు చూసి తేల్చొద్దు, మైదానం గీసిన బోర్డు మీద బిళ్లలు జరిపి చూపించమనండి అంది. పిల్ల జరిపి చూపించింది. కోచ్ చెప్పినదే కాదు, చెప్పడం మరిచిపోయినది కూడా చూపించిందట. ఆ తర్వాత రెండు మ్యాచుల్లో మొదటి పదకొండు మందిలో ఉంది. నేను స్టాండ్స్‌లో కూర్చుని, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలీకపోయినా రిఫరీని తెలుగులో తిట్టాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పిల్లని అర్థం చేసుకున్నాననే ధీమా నాకు అక్కడే వచ్చింది.

నాలుగో నెలలో ఒకరోజు పొద్దున్న ఆరింటికి ఫోన్ మోగింది. తెర మీద అమ్మమ్మ లేదు, పిన్ని ఉంది. పిల్ల వింటూ వంటింటి గట్టు పట్టుకుంది. ఫోన్ పెట్టేసి, "ఆవిడ వెళ్లిపోయింది" అంది. అమ్మమ్మ అనలేదు, ఆవిడ అంది. నేను దగ్గరికి తీసుకున్నాను. కొయ్యబొమ్మలా నిలబడింది. ఏడవలేదు. బూట్లు వేసుకుని ప్రాక్టీసుకి వెళ్లిపోయింది.

క్లబ్బు అయిదు రోజుల సెలవిస్తామంది. ఏడు రోజుల్లోపు వాడుకోవాలి. పిల్ల వాడుకోలేదు. వాళ్లలో బంధువులంతా చేరేదాకా మట్టి చెయ్యరట, మూడు నాలుగు వారాలు కూడా పడుతుందట. ఈ మాట నాకు చెప్పింది గానీ క్లబ్బుకి చెప్పలేదు. నేనూ దాన్ని పట్టించుకోలేదు. నన్ను పట్టి పీడించింది వేరే విషయం. పిల్ల ఏడవలేదు. మనలో ఏడవని మనిషిని చూస్తే అందరికీ భయం. ఎలాగైనా ఏడిపించాలి, దుఃఖం లోపల గడ్డకట్టుకుపోతుంది అంటారు. నేను డాక్టర్‌ని కూడానాయె. నాకు ఆ భయం రెండింతలు.

ఇంకో సంగతి గమనించాను. పిల్ల ఫోన్ తెర మీద ఎప్పుడూ అమ్మమ్మ ఫోటో ఉండేది. అది తీసేసి, ఏదో గడ్డి మైదానం పెట్టుకుంది. పాపం, చూడలేకపోతోంది అనుకున్నాను. ఇంత తెలివిగలదాన్ని నేను! అప్పుడే నిర్ణయించేశాను. ఆవిడ ఫోటో ఒకటి నా ఫోన్‌లో ఉంది. ఏటి ఒడ్డున పెద్ద చేప పట్టుకుని నవ్వుతూ ఉన్నది, పిల్లే ఎప్పుడో పంపింది. దాన్ని మందుల షాపులో ఫోటో కౌంటర్ దగ్గర పెద్దది చేయించి, మావారి పటానికి కట్టించినటువంటి ఫ్రేమే కట్టించాను. పదకొండో రోజున ఇండియన్ స్టోర్ నుంచి బంతిపూల దండ తెచ్చాను. పులిహోర, గారెలు, పరమాన్నం వండాను. వరంగల్ స్నేహితురాలిని, ఇంకో నలుగురిని పిలిచాను. పిల్లకి పొద్దున్నే చెప్పాను, "ఇవాళ సాయంత్రం మీ పెద్దావిడ కోసం చిన్న భోజనం పెడుతున్నాను" అని. తలూపింది. భోజనమే అనుకుంది పాపం.

స్నేహితురాలు మాత్రం వాకిట్లోనే ఆగింది. "అక్కా, ఆమెను ఇంకా మట్టిల పెట్టలేదన్నవ్ గదా. గట్లైతే పదకొండు రోజులెట్ల లెక్కవెడ్తవ్?"

"పోయిన రోజు నుంచి. నీకెందుకు, లోపలికి రా" అన్నాను.

పటం మావారి పటం పక్కనే పెట్టాను. దండ వేసి, నూనె దీపం వెలిగించాను. పిల్ల కిట్ బ్యాగు భుజాన వేసుకుని తలుపు తీసింది. అందరం లేచి నిలబడ్డాం. నేను గొంతు సవరించుకుని, ఆ పెద్దావిడ పేరు, ఇంటిపేరుతో సహా గట్టిగా పలికి, ఆవిడ ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం అన్నాను.

పిల్ల పటం చూసింది. కాలిన చెయ్యి వెనక్కి లాక్కునేటప్పుడు నోట్లోంచి వచ్చే శబ్దం ఉంటుందే, అలాంటిది వినిపించింది. అరచేత్తో కళ్లు మూసుకుంది. అలాగే వెనక్కి అడుగులు వేసుకుంటూ గుమ్మం దాటింది. బ్యాగు గుమ్మంలోనే పడిపోయింది. మేం ఆరుగురం నిలబడే ఉన్నాం. నేను చెప్పిన రెండు నిమిషాల మౌనం అయిపోయాక కూడా ఎవరూ మాట్లాడలేదు.

"అక్కా, ఏందో తప్పైంది" అంది స్నేహితురాలు మెల్లగా.

"ఏం తప్పు? పొద్దుట్నుంచి నిలువుకాళ్ల మీద వండాను. సొంత మనవరాలు కూడా చెయ్యనిది చేశాను!" అని ఆవిడ మీద ఎగిరాను. వచ్చినవాళ్లు గారెలు ముట్టకుండానే వెళ్లిపోయారు.

పిల్ల జట్టులో ఇంకో అమ్మాయి అపార్ట్‌మెంట్‌కి వెళ్లిందని తర్వాత తెలిసింది. మర్నాడు ప్రాక్టీసుకి వెళ్లలేదు. నాకు మెసేజ్ వచ్చింది: "సారీ ఆంటీ. ఇంటికి వెళ్లిపోతాను. వచ్చి సామాను తీసుకుంటాను." క్లబ్బులో చెప్పకుండా మూడు రోజులు రాకపోతే కాంట్రాక్టు రద్దు చెయ్యొచ్చు. ఒక రోజు అప్పటికే అయిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆస్ట్రేలియా నుంచి ఆ పెద్ద దిక్కు ఫోన్ చేసింది. ఆవిడ నోరు తెరవకముందే నేను మొదలుపెట్టాను. ఎంత మంచి మనసుతో చేశానో, ఎంత ఖరీదైన ఫ్రేమో, బంతిపూల కోసం ఎంత దూరం డ్రైవ్ చేశానో. ఆవిడ ఆపలేదు. నాకే మాటలు అయిపోయాయి. అప్పుడు చెప్పింది.

"మాలో అందరూ ఒకేలా ఉండరు. ఈ పిల్ల వాళ్ల ఇంట్లో మాత్రం, పోయిన మనిషి పేరు పలకరు. ఇంటివాళ్లు ఇక చాలు అనేదాకా పలకరు. ఫోటోలు తీసేస్తారు. వెళ్లే మనిషిని వెళ్లనివ్వాలి. పిలిస్తే ఆగిపోతారు. మీరు పేరు పెట్టి పిలిచారు. ఎదురుగా మొహం పెట్టారు. ఇంకా మట్టిలో కూడా పెట్టని మనిషిని."

"మరి మా ఆయన పటం? నాలుగు నెలలు దాని ముందే తిన్నది కదా!" అన్నాను.

"ముందు కాదు, వీపు పెట్టి. ఆయన్ని ఆపకూడదని. మీరు గమనించారనుకున్నాను" అంది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ జీవితంలో ఒక్కసారి మా నాన్న పేరు పలకలేదు. రేషన్ కార్డు రాయడానికొచ్చిన గుమాస్తా, "ఇంటి యజమాని పేరేంటమ్మా?" అంటే, నన్ను ముందుకు తోసి "చెప్పవే" అనేది. ఆవిడ సంగతి సరే, నేను? ఆపరేషన్ గదిలో పెద్ద పెద్ద సర్జన్లని పేరు పెట్టి పిలిచినదాన్ని. మావారిని ముప్పై ఎనిమిదేళ్లూ "ఏమండీ" అనే అన్నాను. ఆసుపత్రి ఫారాల మీద ఆయన పేరు రాశాను గానీ ఒక్కనాడు నోటితో అనలేదు. పేరు పలకకపోవడమూ ప్రేమేనని నాకు ఎవరో చెప్పాల్సిన పని లేదు. కానీ అది మనకే ఉన్న సొత్తనుకున్నాను. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"ఇప్పుడేం చెయ్యను?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"పటం పారెయ్యొద్దు, చింపొద్దు. గుడ్డ చుట్టి దాచండి. దాన్నేం చెయ్యాలో ఆ ఇంటివాళ్లు చెప్తారు. ఇక క్షమాపణ ఒక్కసారే చెప్పండి. రెండోసారి చెప్తే మిమ్మల్ని ఓదార్చడం ఆ పిల్ల మెడకి చుట్టుకుంటుంది."

బీరువాలోంచి కొత్త రవికె గుడ్డ తీసి పటం చుట్టి అడుగు అరలో పెట్టాను. దండని పెరట్లో మట్టిలో కప్పేశాను. లోపలికి వస్తే గోడ మీద మావారు ఒక్కరే ఉన్నారు. ఆయన్ని తియ్యమని ఎవరూ అనలేదు. నా ఇల్లు, నా గోడ, నా మొగుడు. ఆ మాట పైకే అన్నాను. బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగాను. తర్వాత స్టూలెక్కి పటం దింపి నా పడగ్గదిలో పెట్టుకున్నాను. దింపుతుంటే ఏడుపొచ్చింది. చచ్చేంత కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలీకుండా.

పిల్ల ఉన్న అపార్ట్‌మెంట్‌కి వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది, పాదాల మధ్య బంతి. నేను పక్క మెట్టు మీద చతికిలపడ్డాను. మోకాళ్లు అరిచాయి. "తప్పు చేశాను. క్షమించు" అన్నాను. రెండోసారి నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, కింద పార్కింగ్‌లో కార్లని చూస్తూ కూర్చున్నాం.

"మీకు తెలీదు కదా ఆంటీ" అంది.

"తెలుసుకోలేదు."

బంతిని ఒక పాదం నుంచి ఇంకో పాదానికి నెట్టింది. అప్పుడు మాట్లాడింది, ఆగి ఆగి. ఆడతానని పోయినావిడకి మాటిచ్చిందట. కానీ మట్టి చేసే రోజున అక్కడ లేకపోతే ఆ మాటకి అర్థమేముంది? అయిదు రోజుల సెలవు దారికే సరిపోతుంది. ఎక్కువ అడిగితే, ఈ పిల్లకి ఆట మీద ధ్యాస లేదు అని రాసేస్తారని భయం. అందుకే ఎవరినీ అడగలేదు. నేను పదకొండో రోజు పేరంటాలు పెట్టుకుంటూ, ఇంట్లో ఉన్న అసలు బాధ అడగలేకపోయాను.

ఆ రాత్రికే ఆ పెద్ద దిక్కు క్లబ్బుకి ఉత్తరం రాసి పంపింది. మర్నాడు పొద్దున్నే పిల్లని కారులో ఆఫీసుకి తీసుకెళ్లాను. మేనేజర్ కుర్రాడు మంచివాడే. కానీ రూల్ బుక్ తెరిచాడు. సెలవు, మనిషి పోయిన ఏడు రోజుల్లోపే అని మొదలుపెట్టగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బాబూ, చావుకి నీ రూల్ బుక్ ఎవరు చూపించారు?" అని అందుకున్నాను. పిల్ల నా ముంజేతి మీద చెయ్యి వేసింది. నేను ఆగిపోయాను. మూడు దశాబ్దాల్లో ఏ సర్జనూ చెయ్యలేని పని అది.

తనే మాట్లాడింది. చూపు బల్ల మీదే ఉంది. గొంతు మాత్రం నిలకడగా ఉంది. "తేదీ వచ్చాక నేను వెళ్లాలి. రెండు వారాలు పడుతుంది. జీతం వద్దు. వస్తాను." అంతే. కుర్రాడు ఆమె కళ్ల కోసం ఒక క్షణం వెతికి, మానేసి, పుస్తకం మూశాడు. పధ్నాలుగు రోజులు జట్టులో చోటు అట్టేపెడతామన్నాడు. పదిహేనో రోజున ఇంకొకరిని తీసుకుంటామన్నాడు.

పది రోజులకి తేదీ వచ్చింది. పిల్ల రెండు సూట్‌కేసులూ సర్దుకుంది. బంతి కూడా తీసుకుంది. గదిలో ఒక్క హెయిర్ క్లిప్ మిగల్చలేదు. రవికె గుడ్డలో చుట్టిన పటం చేతికిచ్చాను. విప్పకుండా, బట్టల అడుగున పెట్టుకుంది. ఎయిర్‌పోర్ట్‌లో "వస్తావా?" అని అడగాలని నాలుక చివర ఉంది. "జాగ్రత్తగా వెళ్లు" అన్నాను.

ఫోన్ చెయ్యొద్దని ఆ పెద్ద దిక్కు ముందే చెప్పింది. పిల్ల మీద ఊరంతా ఉంటుంది, మీరూ ఒక చెయ్యి వేసి లాగొద్దు అంది. నేను చెయ్యలేదు. పది రోజులు గడిచాయి. పన్నెండు గడిచాయి. ఇంటి పునాదికి నీళ్లు పెట్టాను. స్నేహితురాలు రోజూ వచ్చి, "వస్తదక్కా" అనేది. "రాకపోతే?" అంటే, "రాకపోతే ఆ పిల్ల ఇల్లు ఆ పిల్లకి ముఖ్యం. నువ్వైతే ఏం జేస్తవ్?" అనేది. ఆవిడ మీదే చిరాకుపడేదాన్ని.

పదమూడో రోజు మెసేజ్ వచ్చింది. "రేపు నాలుగింటికి దిగుతాను. గ్రీన్ పాన్‌కేక్ ఉంటుందా?"

పెసలు నానబోసి, అప్పుడు ఏడ్చాను. ఎవరైనా ఏడవాలి కదా ఈ కథలో.

వచ్చింది. సన్నబడింది. జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకుంది. ఈసారి అడిగాను: "తెలుసుకోవచ్చా?" అని. "ఆవిడ కోసం" అంది. పధ్నాలుగో రోజు సాయంత్రం అది. జట్టు పట్టికలో ఆమె చోటు అలాగే ఉంది. పొద్దున్నే ప్రాక్టీసు.

లోపలికి రాగానే గోడ చూసింది. పటం ఉన్నంత మేర రంగు వెలిసిపోకుండా మిగిలిపోయింది.

"ఆయనేరి ఆంటీ?"

"నా గదిలో. నువ్వున్నన్నాళ్లూ అక్కడే ఉంటారు."

పిల్ల సూట్‌కేసు మీద కూర్చుంది. "మీ వాళ్లలో పటం పెట్టకపోతే ఆయనకి ఏమైనా అవుతుందా?"

"ఆయనకేం కాదు. నాకే, తోచదు."

"అయితే పెట్టేయండి. మీ పద్ధతి మీది. నేను చూడక్కర్లేదు. నాకు నా కుర్చీ ఉంది."

నేను స్టూలెక్కితే, అది కదలకుండా పట్టుకుంది, మొహం పక్కకి తిప్పుకుని. పటం మళ్లీ మేకుకి తగిలించాను. ఎర్ర బల్బు మాత్రం వెయ్యలేదు. పెసరట్లు వేసి తెచ్చేసరికి పిల్ల తన కుర్చీలో ఉంది, పటానికి వీపు పెట్టి. నాలుగు నెలలు నన్ను కోపంతో రగిల్చిన వీపు అది. ఈ ఇంట్లో ఆయన గురించి ఆలోచించింది నేనొక్కదాన్నే అనుకున్నాను. పరాయి పిల్ల రోజూ రెండు పూటలా ఆయనకి దారి వదులుతోంది.

ఎదురు కుర్చీ లాక్కొచ్చి ఆమె పక్కన వేసుకుని కూర్చున్నాను. పెళ్లయ్యాక ఆయనకి వీపు పెట్టి కూర్చోవడం అదే మొదటిసారి. మెడ వెనక్కి తిరగబోయింది, ఆపుకున్నాను. పిల్ల అల్లం పచ్చడి నా వైపు జరిపింది.

"ఏమండీ, మీరింక బయల్దేరండి" అన్నాను, ప్లేటు చూస్తూ.

పేరు పెట్టి పిలవలేదు. పిలిస్తే ఆగిపోతారట.